గంగారాం కాదు, గగారిన్

మా ఇంటి ఇనుప బీరువాలో ఒక పాత రేషన్ కార్డు ఉంది. కుటుంబ సభ్యుల వరుసలో నాన్న, అమ్మ, నాన్నమ్మ తరువాత నాలుగో పేరు గంగారాం, వయస్సు 9 అని నీలిసిరాతో రాసి ఉంటుంది. మా ఇంట్లో గంగారాం అనే మనిషి ఎన్నడూ లేడు. ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడిని నేనే, నా పేరు గగారిన్. నాన్న చెప్పిన పేరు విన్న గుమాస్తా ఒక్కసారి తలెత్తి చూసి, అలాంటి పేరు మనుషులకు ఉండదని తనలో తాను తీర్మానించుకుని, ఉండదగిన పేరేదో అది రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆయనను తప్పుపట్టబుద్ధి కాదు. తెలంగాణలో వాడకొక గంగారాం ఉంటాడు. గగారిన్ అనే పేరుగలవాడు మాత్రం మా నల్లకుంటలో నేను తప్ప మరొకడు లేడు.

నాన్న నారాయణగూడలో ఒక అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరుగా పనిచేసేవాడు. తెలుగు కంపోజింగ్ తేలికైన పని కాదు. ప్రతి హల్లుకూ దాని గుణింతమూ ఒత్తులూ వేరువేరు గళ్లలో ఉంటాయి కనుక, ఒక్క పేజీ కట్టడానికి చెయ్యి వందల గళ్ల మధ్య తిరగాలి. ఆ చేతి వేళ్లకు ఎప్పుడూ సీసపు నలుపు అంటుకునే ఉండేది, సున్నిపిండి పెట్టి రుద్దినా పూర్తిగా వదిలేది కాదు. 1961 ఏప్రిల్ 12, బుధవారం నాడు, అంతరిక్షానికి వెళ్లిన మొదటి మనిషి, సోవియట్ దేశపు యూరీ గగారిన్ బైకనూరు ప్రయోగ కేంద్రం నుంచి వోస్తోక్ అంతరిక్ష నౌకలో లేచినప్పుడు మాస్కోలో ఉదయం 9 గంటల 7 నిమిషాలైతే మన గడియారంలో 11 గంటల 37 నిమిషాలు. 108 నిమిషాలలో భూమిని చుట్టి సరాతోవ్ ప్రాంతంలోని పొలాల్లో దిగేసరికి మనకు మధ్యాహ్నం ఒకటిన్నర కావస్తోంది. నాన్న ఈ లెక్కంతా తరువాత తీరిగ్గా వేసుకుని, తాను పొద్దున మొదలుపెట్టిన పేజీల ఫారం పూర్తిచేసి సద్ది విప్పుకునే లోపల ఒక మనిషి భూమి చుట్టూ తిరిగి వచ్చేశాడని, వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

అయితే నాకు ఆ పేరు పెట్టడానికి కారణం ఆకాశం కాదు. అలా అనుకునేవాళ్లకు నాన్న తన జీవితకాలమంతా ఓపికగా సమాధానం చెప్పాడు. గగారిన్ వడ్రంగి కొడుకు. స్మొలెన్స్క్ ప్రాంతంలోని క్లూషినో గ్రామంలో 1934 మార్చి 9న పుట్టాడు. యుద్ధకాలంలో జర్మన్ సైనికులు ఇల్లు లాక్కుంటే ఆ కుటుంబం పెరట్లో గుంట తవ్వుకుని, పైన మట్టి కప్పుకుని అందులో బతికింది. పెద్దయ్యాక ఆ కుర్రవాడు మాస్కో దగ్గరి ల్యూబెర్త్సీలో మొదట నేర్చుకున్నది లోహపు పోతపని. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి వస్తువు తీసే పని అది. ఈ చివరి సంగతి చదివినప్పుడు నాన్నకు ఏమనిపించిందో నేను ఊహించగలను. తన చేతిలో రోజంతా ఆడే అక్షరాలు కూడా సీసం, తగరం, ఆంటిమొనీ కరిగించి పోసినవే. "మనోడే, పోతపనోడు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో దగ్గరి చుట్టం గురించి చెబుతున్న ధీమా ఉండేది.

అదే ఏడాది నవంబరు చివర్లో గగారిన్ మన దేశానికి వచ్చాడు. ఢిల్లీ, లక్నో, బొంబాయి, కలకత్తాలతో పాటు హైదరాబాదుకు కూడా వచ్చాడు. స్వాగతం పలుకుతూ వేయవలసిన గోడపత్రిక ఒకటి నాన్న పనిచేసే చోటికి వచ్చింది. గోడపత్రికల పెద్ద అక్షరాలు సీసానివి కావు, చెక్కతో చెక్కినవి. ఆ సైజులో వాళ్ల దగ్గర 'గా' ఒక్కటే ఉంది, దానికీ దీర్ఘం విరిగి ఉంది. ఇంకో అక్షరం నుంచి దీర్ఘం తెగ్గోసి, దానికి అతికించి, ఫ్రేములో బిగించి అచ్చువేశారు. అందువల్ల ఆ కాగితాలన్నిటిలోనూ రెండో అక్షరానికీ దాని దీర్ఘానికీ మధ్య సన్నని తెల్లటి గీత పడింది. దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప కనబడని ఆ గీత నాన్న కంటికి మాత్రం కాచిగూడ చౌరస్తా అవతలి నుంచి కూడా కనబడేదట.

ఆ రోజుల్లోనే, డిసెంబరు మొదటి వారంలో, నేను పుట్టాను. అమ్మ కాన్పుకు జచ్చఖానాలో ఉంటే నాన్న గగారిన్‌ను చూడటానికి రోడ్డు పక్కన జనంలో నిలబడ్డాడు. అమ్మ ఈ విషయాన్ని నాన్న పోయే దాకా మరిచిపోలేదు, మరిచిపోనివ్వలేదు. ఇంతకీ నాన్న ఆయనను ఎంత దూరం నుంచి చూశాడన్నది మా ఇంట్లో తెగని తగవు. నా చిన్నప్పుడు చెప్పిన కథలో జనం తలల మీదుగా, కారులో చెయ్యి ఊపుతున్న ఒక మనిషి. నేను కాలేజీలో చేరే నాటికి ఆ దూరం పది గజాలకు తగ్గింది. నా పెళ్లి నాటికి ఇద్దరూ కరచాలనం చేసుకున్నారు. ఇంకొన్నాళ్లు బతికి ఉంటే ఇద్దరూ కలిసి ఇరానీ చాయ్ తాగి ఉండేవారని అమ్మ ఎత్తిపొడిచేది. కానీ కథ ఎన్నిసార్లు మారినా అందులో ఒక వాక్యం మారలేదు: "నా అంతే ఉన్నడు." నాన్న అయిదడుగుల రెండంగుళాల మనిషి. వోస్తోక్ లోపలి చోటు ఇరుకు కనుక పొట్టివాళ్లకే అందులో అవకాశమని, గగారిన్ ఎత్తు 157 సెంటీమీటర్లేనని నాకు చాలా కాలం తరువాత తెలిసింది. పత్రికల్లో వేసే భుజాల వరకు ఉన్న ఫోటోలో మనిషి ఎత్తు తెలియదు కదా! ఆ ఒక్క మాట వల్ల నాన్న నిజంగానే చూశాడని నేను నమ్ముతాను.

ఇరవై ఒకటో రోజున బారసాల. నాన్నమ్మకు తన కొడుకు తిరిగే సభల గురించి తెలుసు. మనవడికి ఏ రష్యా పేరో పెడతాడని ఆమెకు ముందే గుబులు. తాంబాళంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయమంటే నాన్న అలవాటు కొద్దీ ఒక్కొక్క అక్షరాన్ని విడివిడిగా, సమానమైన ఎడంతో రాశాడట. నాన్నమ్మకు చదువు రాదు. ఎవరో చదివి వినిపిస్తే ఆమె ముఖం విప్పారింది. "గంగారామా? గంగ పేరు, రాముని పేరు రెండూ ఒక్కతాన వచ్చినయి, మంచిగున్నది బిడ్డా" అంది. నాన్న దిద్దలేదు. ఆ మౌనాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. భయమనాలో, ప్రేమ అనాలో, లేక పండగ పూట గొడవ ఎందుకన్న లౌక్యమనాలో! నాన్నమ్మ చివరి దాకా నన్ను గంగారాం అనే పిలిచింది. రెండేళ్ల తరువాత చెల్లెలు పుట్టినప్పుడు, 1963 జూన్‌లో అంతరిక్షానికి వెళ్లిన మొదటి మహిళ పేరు వాలెంటీనా అని నాన్న నోరు తెరవబోయేసరికి అమ్మ, ఈ ఇంట్లో ఒక్క రష్యావాడు చాలని తేల్చి చెప్పి, చెల్లెలికి తన ఇలవేల్పు పేరు పెట్టుకుంది.

అసలు గగారిన్ అన్నది పేరే కాదు, ఇంటిపేరు. పూర్తి పేరు యూరీ అలెక్సేయెవిచ్ గగారిన్. మొదటిది సొంత పేరు, నడిమిది తండ్రి అలెక్సేయ్ పేరు నుంచి వచ్చింది, చివరిది వంశానిది. మనకు ఇంటిపేరు ముందుండి, పిలిచే పేరు చివరన ఉంటుంది. అందుకే పరాయివాళ్ల పేరు ఏదైనా మన చెవికి చివరి ముక్కే అసలు పేరుగా వినిపిస్తుంది. మన ఊళ్లలో గాంధీలు, నెహ్రూలు, బోసులు పుట్టింది ఈ దారినే. ఎవరి ఇంటిపేర్లో తెచ్చి మన పిల్లలకు పిలుపు పేర్లుగా పెట్టుకున్నాం. స్టాలిన్, లెనిన్, గోర్కీ కూడా అంతే, పైగా ఆ మూడూ వాళ్లకు పుట్టుకతో వచ్చిన పేర్లు కూడా కావు, మధ్యలో పెట్టుకున్న మారుపేర్లు. కృష్ణా, గుంటూరు, ఖమ్మం, నల్లగొండ వైపు కమ్యూనిస్టు కుటుంబాలలో ఇటువంటి పేర్లు ఇప్పటికీ వినబడతాయి. తమిళనాట కరుణానిధి తన కొడుకుకు స్టాలిన్ అని పేరు పెట్టడం అందరికీ తెలిసినదే. 1953 మార్చి 1న ఆ పిల్లవాడు పుట్టాడు, 5న మాస్కోలో స్టాలిన్ చనిపోయాడు. ఈ వరుసలో గగారిన్ పేరు మాత్రం అరుదుగానే మిగిలింది. దానికి నాకు తోచిన కారణం ఒకటుంది. లెనిన్, స్టాలిన్ రెండక్షరాల్లో ముగిసి, కేకేసి పిలవడానికి వీలుగా ఉంటాయి. గగారిన్ అని వీధి చివరి దాకా వినబడేలా కేకేయడానికి మా అమ్మ పడిన అవస్థ నాకు తెలుసు. ఆమె చివరికి దానిని గగ్గీ చేసింది. రష్యాలో కూడా 1961 తరువాత పిల్లలకు విరివిగా పెట్టుకున్న పేరు యూరీయే, గగారిన్ కాదు. వాళ్లకు అది ఇంటిపేరని తెలుసు కదా.

బడిలో నా పేరు పడిన పాట్లు వేరు. సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితాలతో అట్టలు వేసుకున్న పుస్తకాలు మా తరగతిలో సగం మందికి ఉండేవి. వాటి మీద గగారిన్ బొమ్మ చూసిన రోజున ఒకడు పూర్తి పేరు కనిపెట్టి, యూరీని యూరియా చేశాడు. అవి హరిత విప్లవం రోజులు, యూరియా బస్తాల ప్రకటనలు ఎక్కడ చూసినా ఉండేవి. పదో తరగతి దాకా నేను యూరియానే. మా తెలుగు మాస్టారు మాత్రం నా పేరును గౌరవంగా విడదీసేవారు. గగన, అరి కలిస్తే సవర్ణదీర్ఘ సంధి వల్ల గగనారి, ఆకాశానికి శత్రువు అని అర్థం, నడుమ నకారం జారిపోయి గగారి అయిందని ఆయన సిద్ధాంతం. చివరి నకారపు పొల్లు సంగతి ఏమిటని అడిగితే, జారిపోయిన నకారం అక్కడికి వెళ్లి కూర్చుందన్నారు. వ్యాకరణాన్ని అంత ఉల్లాసంగా వాడిన మనిషిని మళ్లీ చూడలేదు.

ఎదురింట్లో ఉర్దూ మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయన "ఆవో గాగారిన్ మియా" అని మొదటి అక్షరాన్ని కూడా సాగదీసి పిలిచేవారు. గాగర్ అంటే నీళ్ల కడవ అని, కడవలో కడలిని పట్టించడమని అర్థం వచ్చే 'గాగర్ మే సాగర్' అనే నానుడి ఉందని, నా పేరులో ఆ కడవ ఉందని చెప్పి, ఆయన నా చేతిలో ఒక ఉస్మానియా బిస్కెట్ పెట్టేవారు. నాన్నమ్మకు గంగ, ఆయనకు కడవ. ఇద్దరికీ ఆకాశం తోచలేదు.

ఇద్దరూ సత్యానికి ఎంత దగ్గరగా వచ్చారో నాకు ఇరవై ఏళ్లు దాటాక తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాన్న కోరిక మీద సాయంత్రం పూట రష్యన్ తరగతులకు వెళ్లాను. మొదటి రోజు హాజరు పిలుస్తూ, నా పేరు దగ్గర మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. గగారా అంటే చలిదేశాల చెరువుల్లో మునిగి చేపలు పట్టుకునే ఒక నీటిపక్షి అని ఆయన చెప్పారు. దాని కాళ్లు ఒంటికి బాగా వెనకగా ఉండటం వల్ల నేల మీద సరిగా నడవలేదు, నీళ్లలో మాత్రం దానికి ఎదురులేదు. చివరనున్న 'ఇన్' మన 'వారి' వంటిది. మనకు పిట్టల వారు, గువ్వల వారు, కాకి వారు ఉన్నట్టే అక్కడ గగారా వారు. ఆ పేరుతో రష్యాలో ఒక రాచవంశం కూడా ఉండేది కానీ, వోస్తోక్ ఎక్కిన వడ్రంగి కొడుకుకు ఆ వంశంతో చుట్టరికం లేదు. ఇక యూరీ అనేది గ్రీకుల గియోర్గియోస్ అనే పేరు రష్యాకు వచ్చి పొందిన రూపం, దాని అర్థం నేల దున్నేవాడు. అన్నట్టు మన నెహ్రూ కూడా నీళ్లవాడే, కాలువ అనే అర్థమున్న నహర్ నుంచి ఆ ఇంటిపేరు వచ్చింది. భూమిని విడిచి వెళ్లిన మొదటి మనిషి పేరులో ఒక సగం మట్టి, ఒక సగం నీళ్లు! ఇంకొక చిన్న సంతోషం కూడా ఆ రోజు కలిగింది. రష్యన్లు ఆ పేరులో రెండో అక్షరాన్ని ఒత్తి పలుకుతారట. అంటే గ తరువాత దీర్ఘం పెట్టి గగారిన్ అని రాసే మన తెలుగు కంపోజిటర్లే సరైన చోట దీర్ఘం పెట్టారన్నమాట. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే నాన్న చాలాసేపు మాట్లాడకుండా, విరిగిన దీర్ఘాన్ని అతికించిన వేలిని చూసుకుంటూ కూర్చున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1984 ఏప్రిల్ 3న, రాకేశ్ శర్మ అదే బైకనూరు నుంచి సోయుజ్ టీ-11లో బయలుదేరాడు. ఆయన ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, తరువాత నిజాం కాలేజీలో చదువుకున్నవాడు కనుక హైదరాబాదుకు అది ఇంటి పండుగ. జార్జ్ అన్నా గియోర్గియోస్ అన్నా ఒకటే, యూరీ అన్నా అదే. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు వెతుక్కుంటూ ఆ బడి వైపు వెళ్లినప్పుడల్లా నాన్నకు ఈ సంగతి గుర్తుచేసేవాడిని. ఆయన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే ఆశ్చర్యపోయేవాడు.

1968 మార్చి 27న మాస్కోకు తూర్పున ఒక అడవిలో మిగ్ శిక్షణ విమానం కూలి గగారిన్ చనిపోయాడు. ఆయన వయసు 34. నాకు ఆరేళ్లు. ఆ వార్త వచ్చిన రాత్రి నాన్న పనికి వెళ్లి వచ్చి, నిద్రపోతున్న నన్ను లేపి, ఎందుకో చెప్పకుండా కాసేపు ఒళ్లో పెట్టుకున్నాడని మాత్రం గుర్తు. ఆయన వేళ్ల నుంచి కిరసనాయిలు వాసన వచ్చింది, అక్షరాలు కడగడానికి అదే వాడేవాళ్లు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విడిపోయిన నెలలో నాకు ముప్పై నిండాయి. అప్పటికి నాన్న పనిచేసిన అచ్చాఫీసు ఆఫ్‌సెట్‌కు మారింది. అక్షరాలన్నిటినీ తూకానికి అమ్మేసిన రోజున ఆయన అడిగి తెచ్చుకున్నది ఆ అతుకుల చెక్క 'గా' ఒక్కటే. అది ఇప్పుడు నా బల్ల మీద కాగితాల మీద బరువుగా ఉంది. తిరగేసి చెక్కిన అక్షరం కనుక, చూసినవాళ్లు అదేదో వేరే భాష అనుకుంటారు.

నా కొడుకుకు నేను అంతరిక్షం పేరు ఏదీ పెట్టలేదు. పెట్టాలనుకున్నా ఇంట్లో పడనిచ్చేవారు కాదు. నాతో పాటు ఈ పేరు కూడా అయిపోతుందని అనుకుంటూ ఉండగా, పోయిన వేసవిలో శుక్లాల పరీక్ష కోసం ఒక కంటి ఆసుపత్రికి వెళ్లాను. గంటన్నర గడిచినా పిలుపు రాలేదు. కౌంటరు దగ్గరికి వెళ్లి అడిగితే, అక్కడున్న అమ్మాయి కంప్యూటరులో చూసి, "మీ పేరు రెండుసార్లు ఎక్కింది సార్, ఒకటి తీసేశాను" అంది. తీసేసినది నాది. మిగిలినది ఎవరిదో కనుక్కోమన్నాను. ఇంటిపేరు, వయసు చూడకుండా పేరు ఒక్కటే చూసి, ఇలాంటిది ఇద్దరికి ఉండదని ఆమె కూడా తనలో తాను తీర్మానించుకుంది. రేషన్ కార్డు రాసిన గుమాస్తా గుర్తొచ్చాడు.

వెనక కుర్చీల వరుస నుంచి ఒకాయన లేచి వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో కండువా, ఒక కంటికి పట్టీ. సూర్యాపేట వైపు పల్లెటూరట. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. 1968 ఏప్రిల్‌లో, గగారిన్ పోయిన కొద్ది రోజులకు పుట్టాడు. వాళ్ల నాయన మీటింగులకు తిరిగే మనిషి, పోయినాయన పేరు ఊళ్లో ఉండాలని పట్టుబట్టి పెట్టాడట. ఒక పేరు రావడం చూసి పెట్టుకున్నది, ఒకటి పోవడం చూసి పెట్టుకున్నది. ఆధార్ కార్డులు రెండూ పక్కపక్కన బల్ల మీద పెట్టాం. ఆమె ఒకటికి రెండుసార్లు చదువుకుని, నా పేరు మళ్లీ ఎక్కించింది.

"ఊళ్లో అందరూ ఈ పేరుతోనే పిలుస్తారా?" అని ఆయనను అడిగాను.

"యాడ సార్! మా ఊర్ల నన్ను గంగారాం అనే పిలుస్తరు" అన్నాడు.

లోపలి గది తలుపు తెరుచుకుని నర్సు పేరు పిలిచింది. ఇంటిపేరు చెప్పలేదు. ఇద్దరమూ లేచాం.